పదకొండు రాళ్ళు

"ఆ పుస్తకం ఇలా ఇయ్యి," అన్నాడు వరహాలరావు. చెప్పులైనా విప్పకుండా వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

రత్నాలు ఇవ్వలేదు. ఒళ్ళో ఉన్న పుస్తకాన్ని రెండు చేతులా అదిమిపట్టి, చల్లారిపోతున్న చోడంబలి వైపు చూస్తూ కూర్చుంది.

పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో ఆయన చెప్పులతో వంటింటి దాకా రావడం అదే మొదలు. పొయ్యి ముందున్న దేముడమ్మ అది చూసింది. ఇంకో రోజయితే కన్నకొడుకని కూడా చూడకుండా ఉతికి ఆరేసేది. ఇవాళ ఆ మొహం చూసి, చెప్పుల సంగతి తరవాత చూద్దాంలే అనుకుంది.

"మధ్యాహ్నానికి పోలీసు ఇన్‌స్పెక్టరు వస్తాడట. ఫారెస్టు గార్డు నిన్న సాయంత్రమే రాళ్ళు చూసి అనంతగిరి క్యాంపుకి కబురు పెట్టేశాడు. ఇప్పుడే దారిలో ఎదురుపడి నవ్వుతూ మరీ చెప్పాడు. ఏం పంతులూ, బడి ముందు కొత్త పంట వేశావే అని."

"ఈ ఊళ్ళో రాళ్ళు లేని చోటెక్కడండీ? ఎవరు పోయినా ఒక రాయి నిలబెడతారు కదా," అంది రత్నాలు.

"ఊరి నడుమ ఉన్నవి వాళ్ళ తాతలవి. వాటి జోలికి ఎవడూ రాడు. సర్కారు బడి ముంగిట, మనం సంతకెళ్ళి వచ్చేలోగా పదకొండు రాళ్ళు మొలిస్తే ఏమనుకుంటారు? గూడెం కొండల్లో సర్కారు మీద పితూరీ లేచి ఎనిమిది నెలలైంది, ఇంకా ఆరలేదు. లంబసింగి వైపు పితూరీ వాళ్ళ కబురుగా బాణానికి కట్టిన మిరపకాయ ఒకటి దొరికితే ఊరు ఊరంతా తిరగేశారు. మన మాలిపుట్టులో పదకొండు రాళ్ళంటే పదకొండు ఊళ్ళు చేతులు కలిపాయంటాడు. కాదని నువ్వు చెబుతావా?"

"సెప్తాను."

"ఏమని?"

"పిల్లలు పెట్టుకున్నారని."

"ఎవరి కోసం?"

చిక్కంతా అక్కడే ఉంది మరి.

పుస్తకమని పేరే గానీ, అది ఎనిమిది ఆకుల కుట్టు. బడిలో మిగిలిపోయిన హాజరు కాగితాలను అచ్చు వైపు లోపలికి మడిచి, గంజితో అంటించి, నల్లదారంతో కుట్టింది. బడి సిరాతో రాసింది. బొమ్మలకు పారాణి కలిపి ఎర్రరంగు చేసింది. ఆ ఎరుపు పండగ బట్టలకు వాడిందే తప్ప నెత్తురుకు వాడలేదు. చిన్నపిల్లలు చూసే పుస్తకంలో ఏది వెయ్యాలో ఏది వెయ్యకూడదో ఆమెకు ఎవరూ చెప్పలేదు. తనకు తోచింది, అంతే.

రాయడానికి కారణం కూడా పిల్లలే. సర్కారు వారి వాచకంలో రాజుగారి బొమ్మ, దాని కింద రాజుగారు ప్రజలను బిడ్డల వలె చూచుకొందురు అన్న వాక్యం ఉన్నాయి. వరహాలరావు పెద్దపిల్లలకు లెక్కలు చెబుతుంటే, చిన్నవాళ్ళను కూర్చోబెట్టుకుని ఈ వాచకం చదివించేది రత్నాలే. దానికి సర్కారు వారి అనుమతీ లేదు, జీతమూ లేదు. ఒకనాడు కనక అనే ఎనిమిదేళ్ళ గుంట ఆ వాక్యం మీద వేలు పెట్టి అడిగింది.

"బిడ్డల్లాగ సూసుకుంటే సిపాయిలు ఎందుకు కాలుత్తారు పంతులమ్మా?"

గూడెం వైపు నుంచి పారిపోయి వచ్చిన చుట్టాలు వాళ్ళింట్లో ఏం చెప్పుకున్నారో ఏమో. రత్నాలు ఆ రోజు జవాబు చెప్పలేకపోయింది. గూడెం మాట ఎత్తితే కొంప మునుగుతుంది. అందుకని దూరపు మాట ఎత్తింది. కిందటేడు పుట్టింటికి వెళ్ళినప్పుడు తమ్ముడు పత్రిక చదివి వినిపిస్తే కన్నీళ్ళు ఆగని మాట అది. నాలుగేళ్ళ కిందట ఇదే చైత్రమాసంలో పంజాబులో జరిగింది. దూరం కాబట్టి ప్రమాదం లేదనుకుంది. పాపం, పిల్లలకు దూరం తెలియదన్న సంగతి తోచలేదు.

"సదవనా?" అంది రత్నాలు ఉన్నట్టుండి. "మీరు ఒక్కసారైనా సదవలేదు కదా. తప్పెక్కడుందో సెప్పండి." ఆయన వద్దనేలోగా చదివేసింది.

"ఒక ఊరు ఉంది. దాని పేరు అమృతసర్. ఆ ఊళ్ళో ఒక తోట. తోట చుట్టూ గోడలు. ఆ రోజు వాళ్ళకు పండగ, మన చైత్రం పండగ లాంటిది. జనం వచ్చారు. పిల్లలు కూడా వచ్చారు. కొందరు మాట్లాడడానికి వచ్చారు. కొందరు ఊరికే కూర్చోడానికి వచ్చారు. సిపాయిలు వచ్చి దారికి అడ్డంగా నిలబడ్డారు. వెళ్ళిపొండి అని చెప్పలేదు. కాల్చారు. తోటలో ఒక నుయ్యి ఉంది. భయపడి కొందరు అందులో దూకారు. చాలామంది ఇళ్ళకు తిరిగి వెళ్ళలేదు. వాళ్ళ తప్పు ఏమీ లేదు."

వరహాలరావు గొంతు తగ్గించాడు.

"ఆరేళ్ళ పిల్లలకి చెప్పే సంగతేనా ఇది?"

"పులి తినీసిన మనిషికి కాలొక్కటే దొరికితే, దాన్ని మోసుకొచ్చి కాల్చినప్పుడు సూసిన పిల్లలండీ ఆళ్ళు. సావు ఆళ్ళకి కొత్తేటి? సావు ఎందుకొచ్చిందని అడిగినారు. అది సెప్పినాను."

"నీకు గోరంత, నాకు కొండంత. ఆ కాగితం వెనక సర్కారు అచ్చుంది. తడిపి విడదీస్తే ఈ బడి పేరు కనిపిస్తుంది. నా ఉద్యోగం పోవడం కాదు, నన్నే తీసుకుపోతారు. అప్పుడు అమ్మా నువ్వూ ఏం తింటారు?"

"ఒలే రత్నాలూ," అంది దేముడమ్మ, "ఆడి మాట ఇనుకోయే. కాయితాలు పోతే మళ్ళీ వొత్తాయి. మనిషి పోతే వొత్తాడేటి?"

రత్నాలు అత్త వైపు చూసింది. మనిషి పోతే రాదన్న సంగతి ఆ ఇంట్లో ముగ్గురికీ తెలుసు. ముగ్గురూ చూపులు తిప్పుకున్నారు.

బయట ఎవరో గొంతు సవరించుకున్నారు. ఊరి పెద్ద సోంబరు. అరుగు కింద గొంతుక్కూర్చుని ఆకుచుట్ట వెలిగించుకుంటున్నాడు. కనక ఆయన మనవరాలే. గదబ తెగ పెద్దల్లో సోంబరు మాటకు ఎదురు లేదు. మాట చాలా నెమ్మదిగా వస్తుంది, వచ్చాక వెనక్కు పోదు.

"పంతులు బాబూ, రాళ్ళు తియ్యమన్నావంట," అన్నాడు.

"అవును సోంబరూ. నీ మేలు కోరే చెబుతున్నాను. పోలీసులు వస్తున్నారు."

"నాను తియ్యను. మా ఊళ్ళో ఎవులూ తియ్యరు."

"పిల్లలు ఆడుకుంటూ పెట్టిన రాళ్ళయ్యా అవి!"

"పిల్లలు అంత రాళ్ళు మొయ్యగలరా? నానే మోయించినాను." సోంబరు పొగ వదిలాడు. "మా గుంట ఇంటికొచ్చి అన్నం ముట్టనేదు. ఏటే అంటే, తోటలో సచ్చినోళ్ళకి రాయెవులు పెట్టినారు తాతా అనడిగింది. పంతులమ్మని అడుగు అన్నాను. పంతులమ్మ తెలీదందంట. ఎవులూ పెట్టనేదేమో అందంట. సచ్చినాక రాయి నేనోడు తిరుగుతాడు బాబూ. ఆకలని ఇంటింటికీ తిరుగుతాడు. బొమ్మలో ఎందరున్నారో లెక్కెట్టుకుని రమ్మన్నాను. పదకొండు అంది. పదకొండు పెట్టినాం."

వరహాలరావు తల పట్టుకున్నాడు. రత్నాలు ఒళ్ళో పుస్తకం తెరిచి ఆ బొమ్మల ఆకు చూసింది. చాలామంది పోయారని ఆమె రాయకపోలేదు. ఆ ఆకులో పదకొండు బొమ్మలకే చోటు సరిపోయింది. కాగితం ఇంకాస్త పెద్దదైతే వీళ్ళు ఇంకో పది రాళ్ళు మోసేవాళ్ళు.

"మరి దారే లేదా?" అన్నాడు వరహాలరావు.

"ఉంది. రాయి పెట్టీసినాక అది సచ్చినోడి ఇల్లు. ఇల్లు పీకినోడి ఇంటికే ఆడు వొత్తాడు. అందుకని పీకం. అయితే ఆళ్ళు సావనేదని పంతులమ్మ సెప్తే, అవి ఒట్టి రాళ్ళే. నానే మోసుకెళ్ళి గెడ్డ నీళ్ళలో పడేత్తాను." చుట్ట ఆర్పి చెవి మీద పెట్టుకుని లేచాడు. "పిల్లలు బడిలో ఉన్నారు. ఆళ్ళకే సెప్పు. ఆళ్ళు నమ్మితే నాను నమ్మినట్టే."

ఆయన వెళ్ళాక వరహాలరావు మొహంలో నెత్తురు తిరిగొచ్చింది.

"విన్నావా? ఒక్క మాట. కథ అని చెప్పు చాలు. అరగంటలో ముంగిలి శుభ్రం."

"కత అని సెప్పి ఉంటే కతే. జరిగిందని సెప్పినాను. ఇప్పుడు జరగలేదంటే, రేపు మీరు సెప్పే ఏ మాట నమ్ముతారు?"

"నమ్మకపోతే పోనీ! ముందు బతకాలి కదా!"

"ఆళ్ళ సంగతో?"

"ఎవరి సంగతి? పంజాబు వాళ్ళదా? పోయిన వాళ్ళు నువ్వు పోయారంటే పోతారా, లేదంటే లేస్తారా?"

ఆయన అన్నది నిజమే. నిజమైన మాటలతోనే మనిషిని అబద్ధం దాకా నడిపించవచ్చు. వరహాలరావు పన్నెండేళ్ళుగా పంతులు పని చేస్తున్నాడు, ఆ మాత్రం చేతకాకపోలేదు.

రత్నాలు జవాబు వెతుక్కుంటూ ఉండగానే దేముడమ్మ వంగి ఒళ్ళో పుస్తకం లాక్కుంది. ఆ వయసులో అంత చురుకు ఉందని ఎవరూ అనుకోరు. పొయ్యి వైపు తిరిగి వీపు అడ్డం పెట్టింది.

"అత్తా!"

"ఊరుకో. నువ్వు కాల్చనేవు, ఆడు లాక్కోనేడు. ముసిల్దాన్ని, ఆ పాపం నాకు రానీ. బేగి ఎల్లి ఆ గుంటలకి సెప్పాల్సింది సెప్పు, ఎల్లు."

పొయ్యిలో ఏదో భగ్గుమంది. రత్నాలు ఆ వెలుగు గోడ మీద చూసింది. లేచి, పైట సర్దుకుని, ఎవరితోనూ ఏమీ అనకుండా బయటికి నడిచింది. ఏడుపు రాలేదు. చేతులు మాత్రం ఏదైనా పట్టుకోవాలన్నట్టు ఊరికే ముడుచుకుంటున్నాయి.

*

బడి ముంగిట ఇప్పపూలు ఎండబోసి ఉన్నాయి. వాటి పక్కనే వరసగా రాళ్ళు. పెద్దది కనక నడుం ఎత్తు ఉంటుంది. చివరది చిన్నది, చాటంత. పది రాళ్ళ ముందు ఆకుల్లో చోడిగింజలు పోసి ఉన్నాయి. చిన్న రాయి ముందు చోళ్ళతో పాటు నీలం పూసల దండ ఒకటి ఉంది.

రత్నాలు ఆ రాయి దగ్గర ఆగిపోయింది. తన తప్పు ఏదైనా ఉంటే అది ఇక్కడ ఉంది. ఈ సంగతి మొగుడికి తెలియదు.

నాలుగు రోజుల కిందట, నూతి పక్కన పడి ఉన్న చిన్నపిల్ల బొమ్మ మీద వేలు పెట్టి కనక పేరు అడిగింది. పంజాబులో పోయిన వాళ్ళ పేర్లు రత్నాలుకు ఏం తెలుసు? ఒక్కటీ తెలియదు. తెలుసుకుని చెబుతానంది. కనక వినలేదు, మిగతావాళ్ళవి తరవాత చెప్పు, దీనిది ఇప్పుడు చెప్పు అని పట్టు పట్టింది. బొమ్మలో ఆ పిల్లకు రెండు జడలు, ఎర్ర పరికిణీ. అలా ఎందుకు వేసిందో వేసేటప్పుడు ఆలోచించలేదు. నోరు దానంతట అదే తెరుచుకుంది.

"సరళ," అంది.

కురుపాం బడిలో పని చేస్తున్న రోజుల్లో మన్యం జ్వరానికి నాలుగేళ్ళ కూతురు పోయింది. మూడు నెలలకే ఈ ఊరికి బదిలీ. పూడ్చిన చోటు చూడ్డానికి మళ్ళీ వెళ్ళింది లేదు. ఇంట్లో ఆ పేరు ఎవరూ పలకరు. వరహాలరావు పలకనివ్వడు. పిల్ల పలక ఒకటి పెట్టె అడుగున ఉంది, అది ఉందని ముగ్గురికీ తెలుసు, ఎవరూ తియ్యరు. రెండేళ్ళుగా ఎవరూ అనని పేరు ఇక్కడ ఒక గదబ గుంట గుర్తు పెట్టుకుని, రాయి నిలబెట్టి, మెడలో దండ తీసి పెట్టింది.

లోపల పద్నాలుగు మంది పిల్లలు చాపల మీద కూర్చుని ఉన్నారు. వరహాలరావు వెనకే వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు. సోంబరు కిటికీ దగ్గర.

"పిల్లలూ," అంది రత్నాలు. "ఆ తోట సంగతి మీకు సెప్పినాను కదా."

"సెప్పినావు," అన్నారు అందరూ.

"అది..."

కనక మెడ బోసిగా ఉంది. ఆ పూసలు వాళ్ళమ్మ అరకు సంతలో కొన్నవి. కొన్న రోజు బడంతా తిరిగి చూపించుకుంది.

"పూసలు అక్కడ ఎందుకు పెట్టినావే?" అని అడిగింది రత్నాలు.

"సరళ ఆడుకోవద్దా?"

కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది రత్నాలుకు. ఒక మాట అడిగి కాస్త ఊపిరి తీసుకుందామనుకుంటే, ఉన్న ఊపిరి పోయింది.

"పంతులమ్మా," అంది కనక. "పోలీసులొత్తారని తాత సెప్పినాడు. రాళ్ళు తీసీమంటారా? ఆళ్ళు సావనేదా? నువ్వు ఉత్తినే సెప్పినావా?"

గుమ్మం దగ్గర వరహాలరావు కదిలాడు. ఆయన చూపు వీపు మీద గుచ్చుకోవడం రత్నాలుకు తెలుస్తూనే ఉంది. అవునే, ఉత్తినే చెప్పాను. ఆ రెండు మాటలు అంటే చాలు. తోటలో ఎవరూ చావలేదు. నూతి పక్కన ఎవరూ లేరు. సరళ అని ఒక పిల్ల ఎప్పుడూ లేదు.

"నిజమే," అంది రత్నాలు. "అందరూ సచ్చిపోయినారు. నేను ఉత్తినే సెప్పలేదు."

పిల్లలు తలలు ఊపారు. వాళ్ళకు అందులో వింత ఏమీ లేదు. కిటికీ దగ్గర సోంబరు చెవి మీది చుట్ట తీసి మళ్ళీ నోట్లో పెట్టుకున్నాడు. అంతటితో రాళ్ళ సంగతి తేలిపోయిందన్నమాట.

రత్నాలు బయటికి వచ్చేసరికి మొగుడు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కోప్పడతాడనుకుంది. కోప్పడలేదు. అదే ఎక్కువ భయం వేసింది.

"నన్ను తీసుకుపోతే," అన్నాడు ఆయన, దారి వైపు చూస్తూనే, "అమ్మని మీ తమ్ముడి దగ్గరికి తీసుకెళ్ళు. టైడా దాకా నడవగలదు. అక్కడ బండి దొరుకుతుంది."

"మీరు రాసింది కాదు కదా. నేను రాసింది. నేనే సెప్తాను."

"నువ్వు రాశావంటే ఎవడు నమ్ముతాడు? ఆడది రాసిందంటే మొగుడు రాయించాడంటారు."

దారి మలుపులో గుర్రం సకిలించింది.

*

ఇన్‌స్పెక్టరు పెద్ద వయసు వాడు కాదు. ఘాట్ ఎక్కి వచ్చిన అలసటతో గుర్రం దిగి, మొహం తుడుచుకుని, తొందరేమీ లేనట్టు రాళ్ళ వరస పొడుగునా నడిచాడు. వెంట ఇద్దరు కానిస్టేబుళ్ళు. పిల్లలు అరుగు ఎక్కి గుంపుగా నిలబడ్డారు. ఇంటి నుంచి దేముడమ్మ కూడా వచ్చింది. కోక బొడ్లో బిగించి, చేతులు దాని మీద పెట్టుకుని, సోంబరు పక్కన నిలబడింది.

"ఎవరు పెట్టారు ఇవి?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"మేమే," అన్నాడు సోంబరు.

"ఎందుకు?"

"సచ్చినోళ్ళకి."

"పదకొండు మంది ఒకేసారి చచ్చారా? ఎక్కడ? గూడెంలోనా?"

సోంబరు తాపీగా చుట్ట పీల్చాడు. ఇన్‌స్పెక్టరు పెద్దవాళ్ళను అడగడం మానేశాడు. ఆ పని తెలిసిన మనిషి. చిన్న రాయి దగ్గర గొంతుక్కూర్చుని, పూసల దండ వేలితో ఎత్తి, అరుగు మీది పిల్లల వైపు చూశాడు.

"ఇది ఎవరిదే పాపా?"

"నాది," అంది కనక. "సరళకి పెట్టినాను."

అరుగు చివర వరహాలరావు తల ఎత్తాడు.

"సరళ ఎవరు?"

కనక రత్నాలు వైపు చూసింది. రత్నాలు మొగుడి వైపు చూడలేకపోయింది. కంటి చివర మాత్రం ఆయన లేవడం, మెట్టు దిగడం, ఆ చిన్న రాయి ముందుకు వచ్చి ఆగిపోవడం కనబడింది. చాలాసేపు ఆ రాయినే చూశాడు. పెదాలు రెండుసార్లు కదిలినా మాట రాలేదు. మూడోసారి వచ్చింది.

"నా కూతురండి," అన్నాడు వరహాలరావు. "కురుపాంలో పోయింది. జ్వరం. నాలుగేళ్ళు."

రెండేళ్ళ తరవాత ఆయన నోట ఆ మాట వినడం. రత్నాలు గోడకు ఆనుకుంది. ఉద్యోగం కాపాడుకోవడానికి అన్నాడా, కూతురి కోసం అన్నాడా అని ఆమె అడగలేదు. ఆయనకే తెలిసి ఉండదు.

ఇన్‌స్పెక్టరు పూసల దండ ఎలా ఉన్నది అలా పెట్టేశాడు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. అతనికీ పిల్లలు ఉన్నారేమో.

"సరే," అన్నాడు కాసేపటికి. "మిగతా పదీ?"

ఒక్కొక్కరి మొహమే చూస్తూ పోయాడు.

"మావోళ్ళే బాబూ," అంది దేముడమ్మ.

అందరూ ఆమె వైపు తిరిగారు.

"మా గుంటకి పెడతన్నారు కదా, పనిలో పని మిగతావోళ్ళకీ పెట్టండని నానే అడిగినాను. రాసుకో బాబూ. మా పెనిమిటి సింహాచలం. కలరాలో పోయినాడు. మా పెద్దకొడుకు తాతారావు, పెద్దజ్వరాల ఏడు. ఆడి పెళ్ళాం అసిరమ్మ, ఆడి తరవాత మూడ్రోజులకి. మా సెల్లి తవిటమ్మ..."

ఇన్‌స్పెక్టరు జేబులోంచి పుస్తకం తీసి రాసుకుంటున్నాడు. దేముడమ్మ గొంతు వణకలేదు. పదిమంది చచ్చినవాళ్ళను చెప్పడానికి ఆ వయసు మనిషికి తడుముకోవాల్సిన పనేముంది? ఒక్కో పేరుకూ ఒక్కో వేలు ముడుస్తోంది. అలా ముడవడానికి బొడ్డు మీది చెయ్యి తీసింది. తీసిన చోట, కోక మడతలోంచి, నల్లదారం కొస ఒకటి వేలాడుతోంది.

ఆ దారం రత్నాలు పుస్తకం కుట్టిన దారమే. కాల్చలేదు! అత్తకు అక్షరం ముక్క రాదు. కానీ బొమ్మలు తెలుస్తాయి. రెండు జడలూ ఎర్ర పరికిణీ తెలుస్తాయి. పొయ్యి దాకా తీసుకెళ్ళి, ఆ ఆకు చూసి, ఎండుటాకులేవో పొయ్యిలో వేసి, పుస్తకం బొడ్లో దోపుకుంది.

"తప్పు అవ్వా!"

కనక గొంతు. గుంపులోంచి ముందుకొచ్చేసింది, మొహం ఎర్రబడింది. సోంబరు ఏదో అని చెయ్యి చాపాడు గానీ అందలేదు.

"తప్పు పేర్లు సెప్పకు అవ్వా! ఒకళ్ళ రాయికి ఇంకొకళ్ళ పేరు పెడితే ఆళ్ళు ఇల్లు దొరక్క ఏడుత్తారు. ఇయ్యి మీవోళ్ళవి కావు. తోటలో ఆళ్ళవి. పేర్లు తెలుసుకుని సెప్తానంది పంతులమ్మ." ఇన్‌స్పెక్టరు వైపు తిరిగింది. ఇంత పెద్దమనిషి తప్పు రాసుకుంటున్నాడే అన్న బాధే తప్ప ఆ కళ్ళలో ఇంకేమీ లేదు. "కొట్టీ బాబూ, ఆ పేర్లు కొట్టీ. సరళ జొరంతో పోనేదు. నూతి కాడ పడిపోయింది. పుస్తకంలో ఉంది."

ఇన్‌స్పెక్టరు పెన్సిలు ఆగింది.

"ఏ పుస్తకం?" అన్నాడు మెల్లగా.

దేముడమ్మ చెయ్యి మళ్ళీ బొడ్డు మీదికి వెళ్ళింది. వరహాలరావు రాయి ముందు నుంచి కదలకుండానే, "అదేం లేదండి, పిల్లలు కదా, ఏదో కథ..." అన్నాడు. ఆ 'కథ' అన్న మాట వినగానే కనక కిందపెదవి వణికింది. పద్నాలుగు మంది పిల్లలూ ఒక్కసారిగా రత్నాలు వైపు తిరిగారు.

"పంతులమ్మా," అంది కనక. "ఇందాక నిజమే అన్నావు కదా. ఈ బాబుకి సెప్పు."

రత్నాలు అరుగు దిగింది. ఇన్‌స్పెక్టరును దాటి, మొగుడిని దాటి, నేరుగా అత్త ముందుకు వెళ్ళి చెయ్యి చాపింది.

"ఆ పుస్తకం ఇలా ఇయ్యత్తా," అంది.